కారు మింగిన కాగితాలు

ఆ ఏడు చలి ముదిరే వేళకు కారులో హీటర్ చతికిలబడింది. ఫ్యాను మీటను నాలుగో అంకె దాకా తిప్పితే హోరు గాలివానంత ఉండేది, వచ్చే గాలి మాత్రం ముసలి పిల్లి ఊపిరంత. ఇంటి నుంచి గడియారాల కొట్టుకు ఇరవై నిమిషాల దారి. అల్లుడు మెడకు మఫ్లరు చుట్టుకుని, చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుని, అద్దం మీద పట్టిన ఆవిరి తుడవడానికి ఒళ్ళో పాత తువ్వాలు పెట్టుకుని నడిపేవాడు. పక్క సీట్లో అత్తగారు దుప్పటి కప్పుకుని ముక్కు ఒక్కటే బయటపెట్టి కూర్చునేది.

ఆవిణ్ణి వీధిలో అందరూ గంటలమ్మ అంటారు. అల్లుడి కొట్టులో గోడ నిండా ఇరవై రెండు పాతకాలపు గడియారాలున్నాయి, అన్నీ కీ ఇస్తే నడిచేవే. రోజూ పొద్దున్నే వాటికి కీ ఇచ్చేది ఆవిడే. ఏ గడియారానికి ఎన్ని చుట్లు పడతాయో, ఏది ఒక చుట్టు ఎక్కువైతే అలుగుతుందో, ఏది పది గంటలు కొట్టి పదకొండోది మింగేస్తుందో ఆవిడ వేళ్ళకు తెలుసు. మిగతా గంటలన్నీ కౌంటరు వెనక ఎత్తు కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో లోకం కబుర్లన్నీ చెప్పేది. డెబ్బై మూడేళ్ళ మనిషి కోసం పొద్దున్నే ఇరవై రెండు గడియారాలు ఎదురు చూడడమంటే మాటలా?

ఆ కొట్టు ఇప్పుడు ఆవిడకు దక్కుతుందో లేదో తెలియకుండా ఉంది. కారణం చెప్పుకుంటే సిగ్గుచేటు. పాలబిళ్ళలు.

గంటలమ్మకు షుగర్ ఉంది. కూతురు ఆస్పత్రిలో నర్సు. ఇంకేం, నిప్పుకి గాలి తోడైనట్టే. తల్లి రక్తపరీక్ష కాగితం చూసిన రోజునే కూతురు ఇంట్లో చక్కెర డబ్బాను ఎత్తుకెళ్ళి పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. "నువ్వొక్కదానివే మానెయ్యడం ఎందుకు, నేనూ మానేస్తున్నా. ఆయనా మానేస్తారు. ఈ ఇంట్లో ఇక తీపనేది మాటల్లోనే ఉండాలి," అంది. ఆ మాట కూడా చేదుగానే అంది.

అక్కడితో ఊరుకుందా? రోజూ సాయంత్రం చెత్తబుట్ట తనిఖీ. ఆస్పత్రిలో గాయం కట్టు విప్పి చూసినంత శ్రద్ధగా బుట్టలో ప్రతి ముక్కనీ పట్టకారుతో ఎత్తి చూసేది. రెండు నెలల కిందట ఆ పట్టకారుకి ఒక ఎర్ర కాగితం చిక్కింది. పాలబిళ్ళ చుట్టిన కాగితం.

"ఇదిగో అమ్మా, ఇదే ఆఖరుసారి చెప్పడం. ఇంకొక్క కాగితం దొరికిందంటే కొట్టు బంద్. పగలంతా పైవాటా పిన్నిగారి దగ్గర కూర్చోబెడతా. ఆవిడ నిన్ను కాపలా కాస్తుంది."

పైవాటా పిన్నిగారు మంచిదే. కానీ పన్నెండేళ్ళ కిందట తన కిడ్నీలోంచి తీసిన రాయిని సీసాలో పెట్టుకుంది. దాని కథ రోజుకు రెండుసార్లు, సీసా ఊపుతూ మరీ చెబుతుంది. గంటలమ్మకు గుండెల్లో రాయి పడింది, పిన్నిగారి రాయికంటే పెద్దది.

అయినా నాలుక మాట వింటుందా? కొట్టు పక్క స్టేషనరీ షాపాయన రోజుకొక పాలబిళ్ళ ఇస్తూనే ఉన్నాడు. తినడం కష్టం కాదు, కాగితం పారేయడమే కష్టం. బుట్టలో వేస్తే పట్టకారు, జేబులో ఉంచుకుంటే బట్టలుతికే ముందు కూతురి తడుములాట, కిటికీలోంచి విసిరేద్దామంటే అల్లుడు రోడ్డు మీద చెత్త వేయనివ్వడు.

ఆ కష్టాన్ని కారే తీర్చింది. ఒకరోజు వేళ్ళ మధ్యనుంచి జారిన కాగితం కాళ్ళ దగ్గర పడబోతూ, గాల్లోనే పక్కకి తిరిగి, చేతిసంచి పెట్టుకునే అర కింద ఉన్న జాలీకి అతుక్కుని, చటుక్కున లోపలికి పోయింది. గంటలమ్మ వంగి చూసింది. కాగితం లేదు. మర్నాడు కావాలనే ఇంకొకటి పెట్టింది. జాలీ దాన్నీ హప్పున మింగేసింది. బయటి గాలి రాకుండా లోపలి గాలినే తిప్పే మీట నొక్కినప్పుడే ఆ జాలీకి ఆకలి వేస్తుందని కూడా నాలుగు రోజుల్లో కనిపెట్టింది.

అప్పటి నుంచి కారెక్కగానే, "నాయనా, బయట పొగ. ఆ బాణం గుర్తు మీట నొక్కు, దగ్గొస్తోంది," అని లేని దగ్గు దగ్గేది.

అల్లుడు చూడలేదా అంటే చూశాడు. మొదటి వారంలోనే చూశాడు. గంటలమ్మ వెంటనే అతని చేత ఒట్టు వేయించుకుంది. మామూలు ఒట్టు కాదు, కంటికి తగిలించుకుని గడియారాల లోపల చూసే భూతద్దం మీద ఒట్టు. ఆ భూతద్దం పగిలితే అతనికి అన్నం లేదు.

పాపం, ఒట్టు మీద నిలబడ్డాడు కూడా. హీటర్ చల్లబడి మూడు వారాలైనా, "చూపిద్దాం, చూపిద్దాం," అంటూ నెట్టుకొచ్చాడు. తెల్లవారగానే పెళ్ళాన్ని ఆస్పత్రిలో దింపాలి, మళ్ళీ ఇంటికొచ్చి అత్తగార్ని ఎక్కించుకుని కొట్టుకి వెళ్ళాలి. రెండు విడతలా అదే చలి. ముక్కు ఎర్రగా టమాటాలా తయారైంది. చివరికి శనివారం సెలవు దొరికిన కూతురే ఇద్దర్నీ కారెక్కించి షెడ్డుకి బయల్దేరదీసింది.

"ఇద్దరికీ చలిజ్వరం వస్తే సూది పొడవాల్సింది నేనే కదా," అంటూ వెనక సీట్లో కూర్చుంది.

షెడ్డు మెకానిక్‌ను అందరూ నిదానం మేస్త్రీ అంటారు. ఏ బోల్టునీ తొందరపడి విప్పడు. కారు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాక గానీ చెయ్యి వెయ్యడు. అతను అల్లుణ్ణి మఫ్లరు నుంచి తొడుగుల దాకా చూసి, "ఏంటి బావగారూ, కారు కొనుక్కుని కూడా గొర్రెపిల్లలా తయారయ్యారు?" అన్నాడు.

"హీటర్ కాస్త నెమ్మదించింది. పెద్దగా ఏం లేదులే. చలికాలం ఇంకెంత, రెండు నెలలేగా," అని అల్లుడు నసిగాడు.

"రెండు నెలలేగానా! ఈయన్ని పట్టించుకోకు అన్నా, నువ్వు చూడు," అంది కూతురు.

"చూద్దాం చెల్లెమ్మా. కారు తనంతట తాను రోగం చెప్పుకోదు. మనం వరసగా అడుగుతూ పోతే మాత్రం దాచుకోదు."

ఆ మాట గంటలమ్మకు అస్సలు నచ్చలేదు. కాళ్ళ దగ్గరున్న జాలీ వైపు దుప్పటి అంచు మెల్లగా జరిపింది.

మేస్త్రీ ముందు బానెట్ ఎత్తాడు. గంటలమ్మ కిటికీ దించి తల బయటపెట్టి, "నాయనా, నీళ్ళు తగ్గుంటాయి! నీళ్ళు లేకపోతే వేడెక్కడిది? నీళ్ళు పోసెయ్, పోతుంది," అని అరిచింది.

"మంచి ప్రశ్నే పెద్దమ్మా, ముందు చూడాల్సింది అదే." మేస్త్రీ తెల్ల ప్లాస్టిక్ డబ్బా మీద టార్చి వేశాడు. "గీత దాకా నిండుగా ఉంది. రేడియేటర్ మూత ఇప్పుడు తీయను, ఇంజన్ వేడి మీద తీస్తే మొహం ఉడికిపోతుంది."

"అయితే ఇంజనే వేడెక్కట్లేదేమో!"

మేస్త్రీ లోపలికి తొంగి చూసి స్టీరింగు వెనకనున్న సూది చూశాడు. "వేడెక్కకపోతే ఆ సూది అడుగునే పడుకుని ఉండేది. ఇది నడిమికి వచ్చి నిలబడింది. ఇంజన్‌కి ఏ లోటూ లేదు." అల్లుడి వైపు తిరిగి, "మీ అత్తగారికి కార్ల సంగతి బాగానే తెలుసే," అన్నాడు.

"ఆవిడకి తెలియందేముంది," అన్నాడు అల్లుడు నేల చూస్తూ.

మేస్త్రీ ఇంజన్ వెనక గోడలోకి దూరే రెండు రబ్బరు గొట్టాలు చూపించాడు. ఒకదాంట్లో వేడినీళ్ళు లోపలికి పోతాయి, అక్కడ హీటర్‌ని కాగబెట్టి రెండోదాంట్లోంచి తిరిగొస్తాయి. "రెండూ కాలుతుంటే నీళ్ళు తిరుగుతున్నట్టు. ఒకటి వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే లోపలెక్కడో పూడుకుపోయినట్టు," అని చెప్పి, తన చేతికున్న మందపాటి గ్లవుజు తీయబోతున్నాడు.

గంటలమ్మకు మెరుపులాంటి ఆలోచన తట్టింది. పూడిక ఆ గొట్టాల్లో ఉందని తేలితే ఈయన ముందు భాగంలోనే ఉండిపోతాడు, కారులోకి రాడు. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి చటుక్కున దిగొచ్చింది. "ఉండు నాయనా, నేను చూస్తా. యాభై ఏళ్ళు పాలు కాచిన చెయ్యి ఇది."

మొదటి గొట్టం ముట్టుకుని, "ఆఁ, వేడి," అంది. రెండోదాన్ని పట్టుకుంది. అది నిప్పుకణికలా ఉంది. అరచెయ్యి చుర్రుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పళ్ళ బిగువున చిరునవ్వు నవ్వి, "ఇది మంచుముక్కే," అంది.

"అయ్యో, అట్లా అయితే పెద్ద పనే." మేస్త్రీ తల గోక్కున్నాడు. "డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. అర, గొట్టాలు, జాలీలు, ఏ ముక్కకా ముక్క బయటకి తీసి నేల మీద పరవాలి. రెండు రోజులు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గంటలమ్మ గొట్టం మీద మళ్ళీ చెయ్యి వేసి, "ఆగాగు! ఇప్పుడు కాలుతోంది. ఇందాక నా చెయ్యే చల్లగా ఉంది," అంది.

మేస్త్రీ తన వేలు ఆనించి, ఉఫ్ మని ఊదుకుని, ఎర్రగా కమిలిన ఆవిడ అరచేతి వైపు చూశాడు. చల్లటి నీళ్ళ చెంబు తెచ్చి చెయ్యి ముంచమన్నాడు.

"రెండూ కాలుతున్నాయి. అంటే వేడి గుమ్మం దాకా వస్తోంది. గుమ్మం దాటట్లేదు. ఇక లోపల చూద్దాం," అన్నాడు.

గంటలమ్మ తడిచెయ్యి దుప్పటికి తుడుచుకుంటూ అతని కంటే ముందే ముందుసీట్లోకి ఎక్కి కూర్చుంది. మేస్త్రీ ఫ్యాను నాలుగుకి తిప్పి, పాత క్యాలెండరు అంచు చించి గాలి వచ్చే రంధ్రం ముందు పట్టుకున్నాడు. కాగితం నిద్రలో తలూపినట్టు ఊగి ఊరుకుంది. చెయ్యి పెట్టి చూశాడు. "వచ్చే గాలి వెచ్చగానే ఉంది, కానీ చాలట్లేదు. ఫ్యాను గొంతు చించుకుంటోంది. పొయ్యి మీద అన్నం ఉడికింది, వడ్డించే మనిషి చేతులు కట్టేశారెవరో. గాలి వడపోసే ఫిల్టరు చూడాలి. ఈ అర వెనకాలే ఉంటుంది. పెద్దమ్మా, కాస్త దిగుతారా?"

"దిగలేను నాయనా! మోకాళ్ళు పట్టేశాయి. ఇందాక దిగినందుకే."

అప్పుడొక వింత జరిగింది. పొద్దుటి నుంచి చూపించాలి, చూపించాలి అని ప్రాణాలు తోడిన కూతురు వెనక సీట్లోంచి గభాల్న ముందుకు వంగింది. "అవునవును, పాపం అమ్మని కదపొద్దు. ఇవాళ్టికి చాల్లే అన్నా. వెచ్చగానే వస్తోందన్నావుగా. ఇంకెప్పుడైనా వస్తాం. ఏమండీ, పోనివ్వండి!"

గంటలమ్మ ఆశ్చర్యపోయింది. కన్నకూతురికి ఇన్నాళ్ళకు తల్లి మోకాళ్ళ మీద ప్రేమ పుట్టినందుకు కళ్ళు చెమర్చాయి కూడా. "నా బంగారుతల్లి," అంది.

"దిగక్కర్లేదు పెద్దమ్మా, కాళ్ళు ఇటు జరిపితే చాలు. రెండు నిమిషాల పని," అంటూ మేస్త్రీ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అర తలుపు రెండు పక్కలా నొక్కి టక్కున కిందికి దించాడు. వెనక పొడుగాటి మూత కనిపించింది. దాన్ని పీకి, లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చాడు. ఫిల్టరు పట్టు విడవలేదు. కాస్త గట్టిగా లాగాడు.

ఫిల్టరుతోపాటు బొలబొలమని కాగితాలు రాలాయి. మేస్త్రీ ఒళ్ళో, గంటలమ్మ చెప్పుల మీద, షెడ్డు నేల మీద.

అల్లుడు ఆ క్షణంలోనే వెనక టైరులో గాలి ఎంతుందో చూడాలని గుర్తొచ్చి అటు వెళ్ళిపోయాడు.

గంటలమ్మ కళ్ళు మూసుకుంది. చెవుల్లో సీసాలో రాయి గలగలలాడింది. గోడ మీద ఇరవై రెండు గడియారాలూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నట్టు అనిపించింది. కూతురు అరుస్తుందని ఎదురు చూసింది. ఎంతసేపైనా అరుపు రాలేదు. ఒక కన్ను తెరిచింది.

కాగితాలు ఎర్రవి ఉన్నాయి. అవి తనవే. నీలివీ ఉన్నాయి. నీలివి ఎక్కడివి?

తన పాలబిళ్ళకు ఎప్పుడూ ఎర్ర కాగితమే. ఈ నీలం కాగితాలు మెరుస్తున్నాయి, లోపల వెండిరేకు. పెద్ద చాక్లెట్లవి. ఎర్రవాటికంటే తక్కువేం లేవు, పైపెచ్చు ఎక్కువే. గంటలమ్మ మెల్లగా తల తిప్పి వెనక్కి చూసింది. కూతురు కారు కప్పు వంక చూస్తోంది. ఆ కప్పు మీద ఏదో గొప్ప వైద్య రహస్యం రాసి ఉన్నట్టు రెప్ప వేయకుండా చూస్తోంది.

మేస్త్రీ నిదానంగా కాగితాలన్నీ ఏరి రెండు కుప్పలు పెట్టాడు. "ఎవరు తోశారు ఇవన్నీ?"

"ఎలకలు," అంది కూతురు కప్పు మీంచి చూపు దించకుండానే. "షెడ్డుల్లో, సందుల్లో కారు పెడతారుగా. ఎలకలు."

"ఎలకలే," అంది గంటలమ్మ కూతురికంటే వేగంగా. "పాడు ఎలకలు."

"ఎలకలే అయ్యుంటాయి," మేస్త్రీ ఒక ఎర్ర కాగితాన్ని వెలుగులోకి ఎత్తాడు. "రెండు ఎలకలు. ఈ ఎర్ర ఎలక ఉంది చూశారూ, కాగితాన్ని గడియారానికి కీ ఇచ్చినట్టు సరిగ్గా నాలుగు చుట్లు మెలితిప్పి పడేస్తోంది. ప్రతిదీ నాలుగే, ఎక్కువా తక్కువా లేదు." దాన్ని దించి నీలంది ఎత్తాడు. "ఈ నీలం ఎలక బాగా చదువుకున్నది. ఆస్పత్రిలో గాజుగుడ్డ మడిచినట్టు, అంచుకి అంచు కలిపి చిన్న చదరంగా మడుస్తోంది. ఇంత శుభ్రమైన ఎలకని నేను చూళ్ళేదు."

టైరు దగ్గర్నుంచి ఒక శబ్దం వచ్చింది. దగ్గు అనుకుందాం అంటే దగ్గు కాదు. అల్లుడు చక్రాన్ని పట్టుకుని కూలబడి నవ్వుతున్నాడు. మఫ్లరు ఊడిపోయింది.

"నాకు తెలుసు! మొదటి నుంచీ తెలుసు!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "పొద్దున ఆస్పత్రి దారిలో ఈవిడ, ఆ తర్వాత కొట్టు దారిలో అత్తయ్య. సీటు ఒకటే, జాలీ ఒకటే. ఒక్క భూతద్దం మీద రెండు ఒట్లు! చెబితే ఉపాధి పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. గడ్డకట్టుకుపోయానండీ బాబూ!"

గంటలమ్మే ముందు తేరుకుంది. కంచే చేను మేస్తే ఎట్లా ఉంటుందో అడగాలని ఆవిడకు నోరు దురద పెట్టింది గానీ, కూతురి మొహం చూసి ఆగింది. నలభై ఆరేళ్ళ మనిషి ఏడేళ్ళ పిల్లలా పెదవి కొరుక్కుంటోంది.

"పట్టకారు తెచ్చావా అమ్మాయ్?" అని మాత్రం అడిగింది.

"అమ్మా!"

"ఏం లేదు, ఏరడానికి బాగుంటుందని."

మేస్త్రీ కొత్త ఫిల్టరు తెచ్చి పెట్టాడు. అర మూశాడు. ఫ్యాను రెండో అంకెకే వేడిగాలి భుగ్గున వచ్చి గంటలమ్మ దుప్పటిని లేపింది. కాళ్ళు, మోకాళ్ళు, కమిలిన అరచెయ్యి, అన్నీ ఒక్కసారి కరిగినట్టయింది. "బయటి గాలి మీటే వాడండి, లోపలి గాలితో అద్దం మసకేస్తుంది. ఎలకలకి ఇష్టం ఆ లోపలి గాలి మీటే," అని చెప్పి మేస్త్రీ పంపించాడు.

ఇంటి దారి పట్టారు. అల్లుడు మొట్టమొదటిసారి తొడుగులు తీసేసి నడుపుతున్నాడు. గంటలమ్మ రోడ్డు వంక చూస్తూ కూర్చుంది గానీ, మనసంతా వీపుకే చెవులు మొలిపించుకుని ఉంది. తాను దొరికింది, సరే. కూతురూ దొరికింది. ఇద్దరూ దొరికితే తీర్పు చెప్పేదెవరు?

"రేపు కాదు, ఎల్లుండి సోమవారం," అంది కూతురు వెనక నుంచి, "కొట్టుకి ఎన్నింటికి వెళ్తావు?"

గంటలమ్మ ఊపిరి వదిలింది. ఆగిన గడియారాలన్నీ ఒక్కసారి టిక్కుటిక్కుమన్నాయి. "రోజూ వెళ్ళేటప్పటికే," అంది నెమ్మదిగా, పోగొట్టుకోనిదాన్ని మళ్ళీ లెక్క చూసుకుంటున్నట్టు.

"కానీ వారం వారం వేలికి సూది. చెత్తబుట్ట అబద్ధం చెబుతుంది, కారు చెబుతుంది, మనం చెబుతాం. రక్తం చెప్పదు."

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ," అంది కూతురు.

వేడికి స్వెట్టరు జేబులో పాలబిళ్ళ మెత్తబడి వాసన లేచింది. గంటలమ్మ చేత్తో జేబు మూసుకుంది గానీ, వాసనను ఎవరు మూయగలరు? రెండు సీట్ల మధ్యనుంచి కూతురి చెయ్యి ముందుకొచ్చింది. అరచెయ్యి చాచి ఉంది.

"ఇవ్వు."

గంటలమ్మ ఇచ్చేసింది. అది పోయిందనే అనుకుంది. వెనక కాగితం చప్పుడైంది, పంటితో కొరికిన చప్పుడైంది. కాసేపటికి సగం బిళ్ళ, మాత్ర కోసినంత సరిగ్గా సగం, ఆవిడ చేతిలోకి తిరిగొచ్చింది.

"రోజుకి సగం. మిగతా సగం నా పూచీ," అంది కూతురు, నోట్లో బిళ్ళతో.

ఇక మిగిలింది కాగితం. కూతురు దాన్ని అలవాటు కొద్దీ మడవబోయింది. గంటలమ్మ అలవాటు కొద్దీ లాక్కుని మెలితిప్పింది. తిప్పి, ఏమరుపాటున కాళ్ళ దగ్గరి జాలీ వైపు వంగింది.

"అత్తయ్యా!" అని అరిచాడు అల్లుడు.

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. అల్లుడు స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి, చొక్కా జేబు అంచు వేలితో లాగి పట్టుకున్నాడు. గంటలమ్మ కాగితాన్ని అందులో వేసింది.

ఆ జేబు తడిమేది ఎటూ కూతురే.